సాయంత్రానికి వాలే రెప్ప: ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కంటి డాక్టరు దాకా

కనురెప్ప వాలితే ఎవరికి చూపించాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. అందుకే ఎనభైల మొదట్లో మా నాయనను నంద్యాలకు తీసుకెళ్లిన రోజు గురించి రాస్తున్నాను. నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. నేను శిరివెళ్లలో టీచరుద్యోగంలో చేరి, ఆయన పక్కన కూర్చుని రాయి నునుపు చేయడం మానేసినప్పటి నుంచి ఆయనకు నా మీద కోపమని అప్పట్లో నా నమ్మకం. నాలుగు నెలలుగా నేను బడి నుంచి వచ్చేసరికి గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. ఒక శనివారం సాయంత్రం నీళ్లచెంబు ఎదురుగా వెళ్లి ఇస్తే చూశాను: ఎడమ రెప్ప సగం నల్లగుడ్డును కప్పేసింది. తెల్లారి చూస్తే రెండు కళ్లూ చక్కగా ఉన్నాయి. రాతిపొడి పడిందని నాయన, నీకే నిద్రమత్తని అమ్మ. పొరుగింటాయన మాత్రం పక్షవాతానికి మొదలిదేనని భయపెట్టి పోయాడు. ఆ నెలల్లో నాయన ఒక గ్రామదేవత ఒళ్లంతా చెక్కి, మొహం చెక్కకుండా పక్కన పెట్టాడని నాకప్పుడే వెలిగింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. వారం రోజులు బతిమాలితే ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. మా ఇంట్లో విగ్రహానికి కళ్లు తెల్లవారుజామునే, ఏమీ తినకముందే చెక్కాలి. కంటి పని ఏదైనా పొద్దునే కావాలట, డాక్టరు పనైనా సరే. నేనూ సరేనన్నాను. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఆరింటికి మొదటి బస్సు. ఇద్దరికీ కలిపి టికెట్టు పది రూపాయల లోపే. శిరివెళ్ల దగ్గర కాస్త ఆగి, గంటన్నరలో నంద్యాల చేరాం. స్టాండు నుంచి కంటి ఆసుపత్రికి పది నిమిషాల నడక, నడవలేని వాళ్లకు జట్కాలుండేవి. దారంతా నాయన కిటికీ పక్కన కునుకు తీశాడు. పాపం, విశ్రాంతి దొరికిందిలే అని నేనూ లేపలేదు.

తొమ్మిదింటికి డాక్టరమ్మ పిలిచింది. టార్చి వేసి చూసింది, అక్షరాలు చదివించింది, వేలు కదిలిస్తూ కళ్లు తిప్పించింది. రెప్పలు రెండూ సమానంగానే ఉన్నాయి, చుక్కలమందు రాస్తానంది. నాయన నావైపు తిరిగి, "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుండాది పాపా నీ పని" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రమైతేనే వాలుతుందమ్మా, పొద్దున బాగుంటుందని గబగబా చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అయితే సాయంత్రం అయిదింటికి రండి. అప్పటిదాకా ఈయన్ను పడుకోనివ్వొద్దు" అంది.

మా నాయనను పగలు పడుకోనివ్వకపోవడమంటే ఎంత కష్టమో అమ్మనడగాలి. స్టాండు వెనక మెస్సులో భోజనం చేశాం. సగంలోనే దవడ లాగుతోందని చెయ్యి కడిగేసుకున్నాడు. వడ్డించే పెద్దావిడ, కూర బాగలేదేమో అని నొచ్చుకుంటే, ఆమెకు సర్దిచెప్పడం నా వంతయింది. తర్వాత సత్రం వరండాలో కూర్చున్నాం. కింద బేతంచెర్ల బండలు పరిచారు. అతుకులు ఎంత అన్యాయంగా పెట్టారో గంటసేపు తిట్టాడు. కన్ను మూతపడబోయినప్పుడల్లా నేను ఏదో ఒక తగువు అందుకున్నాను. తగువు విషయంలో మా ఇద్దరికీ ఎన్నడూ కరువు లేదు. నాలుగు దాటాక ఆయన మాట తగ్గింది, తల గోడవైపు తిరిగింది.

అయిదింటికి డాక్టరమ్మ తన వేలు పైకెత్తి, ఒక నిమిషం దాన్నే చూడమంది. చూస్తుండగానే ఎడమ రెప్ప మెల్లగా జారి, సగం దాకా దిగిపోయింది. మధ్యాహ్నం దవడ నొచ్చిన సంగతి కూడా చెప్పాను. రెప్పలు హెచ్చుతగ్గులు కావడానికి కారణాలు చాలానట: కొందరికి పుట్టుకతోనే, కొందరికి వయసుతో రెప్ప పట్టు సడలి, కొందరికి దెబ్బ తగిలి, షుగరుతో నరం దెబ్బతిని. ఉన్నట్టుండి వాలి, దాంతోపాటు భరించలేని తలనొప్పి వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా ఒక్కరోజు కూడా ఆగకూడదంది. ఈయనది మాత్రం వాడేకొద్దీ కండరం అలసిపోయే జబ్బులా ఉంది, కర్నూలు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు పరీక్షచేసి తేల్చాలి, మింగడం గాని ఊపిరి గాని కష్టమైతే వెంటనే పరుగెత్తండి అని చీటీ రాసిచ్చింది.

"ఉలి పట్టుకోవచ్చునా తల్లీ?" అనడిగాడు నాయన. పొద్దుటి నుంచి ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు.

"ముందు కర్నూలు వెళ్లండి. అదే జబ్బయితే మందులున్నాయి పెద్దాయనా" అందామె.

తిరుగు బస్సులో నాయన మొహం దాచుకోలేదు. రెప్ప వాలిన కంటితోనే నన్ను చూశాడు.

"పొద్దుగూకితే నువ్వు ఇద్దరుగా కనపడ్తాండావు పాపా. ఒక్కదాంతోనే ఏగలేక సస్తాంటి" అన్నాడు. నేను నవ్వబోయాను. "ఈ కంటితో అమ్మవారి మొహం యాడ చెడగొడ్తానో అని బయపడినా. నీ మీద కోపం యాడిది? నువ్వు చూస్తే ఏడుస్తావని అట్ల తిరుక్కుంటి" అన్నాడు. శిరివెళ్ల వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.

కర్నూలులో జబ్బు అదేనని తేల్చారు. అక్కడికి నంద్యాల నుంచి బస్సులో రెండున్నర గంటలు. మాత్రలు కుదరడానికి చాలా నెలలు పట్టింది, మధ్యలో మళ్లీ వాలింది కూడా. ఆ అమ్మవారి మొహం చివరికి ఆయనే చెక్కాడు. ఇప్పుడు నాకు మిగిలిన బాధ జబ్బు గురించి కాదు. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఆయన నాకోసం భయాన్ని దాచుకుంటే, నేను దాన్ని కోపమనుకుని, పంతానికి పలకరించడం కూడా తగ్గించాను. ఒక్క సలహా: రెప్ప ఏ వేళకు వాలుతుందో ఆ వేళకే డాక్టరు ముందు కూర్చునేలా బయలుదేరండి, దారిలో నిద్రపోనివ్వకండి. ఆ వేళ తెలియాలంటే మాత్రం, గోడవైపు తిరిగి తింటున్న మనిషికి ఎదురుగా వెళ్లి కూర్చోవాలి.