ఆ సిలువ చెక్కింది సైనికుడు కాదండీ

మా చిన్నప్పుడు మునగపాక నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టుకి పాత మిలట్రీ జీపు ఒకటి వెళ్ళేది... వెనక ట్రైలర్ నిండా బెల్లం దిమ్మలు... స్టీరింగ్ దగ్గర మా సుగుణత్త! చీర కొంగు నడుముకి బిగించి, కాళ్ళకి హవాయి చెప్పులతో. లారీ డ్రైవర్లు తలలు బయటపెట్టి మరీ చూసేవారు.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు ఒకటీ అరా వస్తున్న రోజులవి. సుగుణత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. మా తాత మిలట్రీలో డ్రైవరుగా చేసి వచ్చి, వేలంలో ఆ జీపు పాడుకుని తెచ్చాడు. కొడుకులిద్దరినీ కాదని కూతురికి తోలడం నేర్పాడు. ఆ కడుపుమంట మా పెదనాన్నకి ఇప్పటికీ చల్లారలేదు. ఆయన ఈ పోస్టు చదువుతాడని తెలుసు... చదవనివ్వండి.

జీపుకి స్టీరింగ్ ఎడమవైపు. ముందు బండిని దాటాలంటే ఎదురొచ్చేవి అత్తకి కనపడవు. కుడివైపు కూర్చున్న నేను తొంగిచూసి "వెళ్ళొచ్చత్తా" అంటే అప్పుడు గేరు మార్చేది. ఏడో క్లాసు పిల్ల మాట నమ్మి బెల్లం బండి లారీని దాటేసేది! అంత గర్వం తర్వాత ఏ ఉద్యోగంలోనూ నాకు కలగలేదు.

ఆ బండికి తాళంచెవి లేదు. స్విచ్ తిప్పితే ఎవరైనా తోలుకుపోవచ్చు. అందుకని అత్త బండి ఆపిన ప్రతిసారీ బానెట్ ఎత్తి, ఇంజన్‌కి కరెంటు పంచే డెల్కో మూత తీసి, లోపల బొటనవేలంత ఉండే రోటర్ లాగి హ్యాండ్‌బ్యాగులో వేసుకునేది. మిలట్రీలో అలాగే చేస్తారని తాత నేర్పిన అలవాటు. చర్చిలో అత్త బైబిల్ తీస్తే గ్రీజు వాసన వచ్చేది...

"ఇది నా కాడుంటే ఎవుడొచ్చినా బండి కదల్దే పాపా" అనేది.

తాత పోయిన రోజు సమాధుల దొడ్డి నుంచి వచ్చి, చెరకు కొట్టే కత్తి మొనతో డ్యాష్‌బోర్డు రేకు మీద చిన్న సిలువ గీసింది. ఏడుస్తూ గీసిందేమో, అడ్డగీత వంకరపోయింది.

ఆ తర్వాత పెదనాన్నకి నోరు లేచింది. "ఆడమనిసి జీపు తోల్డమేటి? నాను ఊర్లో తలెత్తుకోలేకపోతన్నాను" అనేవాడు.

"ఎత్తుకోలేకపోతే దించుకో అన్నియ్యా. బెల్లం మార్కెట్టుకి ఎల్లాలి గదా" అనేది అత్త.

గుడ్ ఫ్రైడే వచ్చింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన చర్చిలో మొదలైతే మధ్యాహ్నం మూడింటి దాకా ఎవరూ లేవరు. జ్వరమని పెదనాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. పాస్టరుగారు నాలుగో మాట చెబుతుండగా రోడ్డు మీద ట్రాక్టర్ వెళ్ళింది... దాని వెనక గొలుసుతో కట్టిన మా జీపు! ఇంజన్ చప్పుడు లేకుండా, ఎవరో తెలియని మనిషి స్టీరింగ్ పట్టుకుంటే, చచ్చిన గొడ్డులా ఈడ్చుకుపోతున్నారు.

అత్త కొంగు లాగి చూపించాను. ఒక్క ఉదుటున లేచి, అందరినీ దాటుకుంటూ ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. అప్పటికే ట్రాక్టర్ మలుపు తిరిగిపోయింది. దొంగలు ఎత్తుకుపోతారని రోటర్ దాచుకుంది గానీ, తోడబుట్టినవాడే గొలుసు వేసి లాగిస్తాడని అనుకోలేదు పిచ్చిది.

ఇంటికొచ్చి అడిగింది. "బండేది అన్నియ్యా?"

"ఇచ్చేసేను. కొత్త జీపొత్తంది. దానికి డ్రైవర్ని ఎడతన్నాను. నువ్వింక ఇంట్లో కూకో."

కొత్తది వచ్చింది. అదే జాతి బండి... మెత్తటి సీట్లు, గట్టి టాపు, తాళంచెవి కూడా ఉంది. ఆ తాళంచెవిని పెదనాన్న పగలంతా లుంగీ మొలలో దోపుకుని తిరిగేవాడు. అత్త దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మార్కెట్టుకి బస్సులో వెళ్ళింది, తర్వాత అదీ మానేసింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం పెదనాన్నని ఒక్క మాట అనలేదు. గుడ్ ఫ్రైడే నాడు ఆరాధన మధ్యలో లేచిపోయిందని అత్తనే ఆడిపోసుకున్నారు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న పాత జీపుల పిచ్చోళ్ళ గ్రూపులో ఒకాయన ఫోటోలు పెట్టాడు. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం, పక్కన నల్లకళ్ళద్దాలతో ఆయన. "జీపు మగాళ్ళ బండి" అని పైన రాసుకున్నాడు. డ్యాష్‌బోర్డు మీద వంకర సిలువ! అది యుద్ధంలో ఏదో దేశపు సైనికుడు చావుకి ముందు చెక్కుకున్నాడట. కింద కామెంట్ల నిండా వందనాలు, కన్నీళ్ళు! అన్నీ ఒరిజినల్ పార్టులేనట, రోటర్ ఒక్కటే కొత్తదట, పాతది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పమంటున్నాడు.

ఫోను తీసుకెళ్ళి అత్తకి చూపించాను. వేళ్ళతో ఫోటోని పెద్దది చేసుకుని ఆ సిలువని చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి పాత హ్యాండ్‌బ్యాగు తెచ్చింది. రోటర్ గుడ్డలో చుట్టి ఉంది, తుప్పు లేదు. ఇన్నేళ్ళూ నూనె రాస్తూనే ఉందన్నమాట!

"ఇచ్చేద్దామా అత్తా?" అన్నాను.

"బండి ఇక్కడికి అట్రమ్మను. నానే ఎడతాను" అంది.

విన్నారుగా సార్! కట్టుకథ తుడిచేసి, బండి తీసుకుని మునగపాక రండి. రోటర్ పెట్టేదీ, ముందు తోలేదీ మా సుగుణత్తే. మీరు కుడివైపు కూర్చుని "వెళ్ళొచ్చు" అని చెబుదురుగాని.

ఇప్పుడు పాత బండ్ల చరిత్ర చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు, వాటిని తోలినవాళ్ళని అడిగేవాళ్ళే లేరు... మీ ఇళ్ళల్లో బండి తోలిన ఆడవాళ్ళుంటే కింద రాయండి, పేరుతో సహా.