కమాను మీద బాపు వేలిముద్ర

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. మా పెద్దమ్మ కొడుకు శీను.

"అన్నా, అమ్మ ఇగ లేదు."

తొంభైకి దగ్గర పడ్డ మనిషి. మంచం పట్టి నెలలైంది. ఇవాళో రేపో అని అందరికీ తెలుసు.

అయినా, చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

మన కాయిన్స్ గ్రూపులో చాలామందికి సత్తెమ్మ పెద్దమ్మ తెలుసు. నాతో పాతబస్తీలో శాలిబండ ఇంటికి వచ్చి, ఆమె చేసిన సర్వపిండి తిని, నాలుగు తిట్లు కూడా తిని వెళ్ళినవాళ్ళు ఉన్నారు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను వెండి కాయిన్స్ కొనడం మొదలుపెట్టిన కొత్తలో ఒకదాని మీద తెల్లటి మచ్చలు లేచాయి. పాలచుక్కలు ఎండిపోయినట్టు ఉంటాయి, మీకు తెలుసుగా. గాలి చొరని ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో దాచినా వస్తాయి, ఏం చేసినా పోవు. ముఖం వేలాడేసుకుని ఆమె దగ్గరికి పోయాను.

"చందమామకే మచ్చ ఉన్నది. నీ బిళ్ళకు ఉంటే గింత లొల్లి ఏంది రా?" అని నవ్వింది.

నవ్వి, బీరువాలోంచి ఒక చిన్న గుడ్డమూట తీసింది.

అందులో నిజాం జమానా వెండి రూపాయి. చార్మినార్ బొమ్మది. వెండి పాతబడి బూడిదరంగు తిరిగింది. సరిగ్గా చార్మినార్ కమాను మీద, నల్లగా, ఒక బొటనవేలి ముద్ర.

నేనేమో కాయిన్‌ని అంచు పట్టుకునే తప్ప ముట్టుకోని రకం. వేలిముద్ర పడిన కాయిన్ అంటే మన లెక్కలో పాడైపోయిన కాయిన్.

"క్లీన్ చేయించనా పెద్దమ్మా?" అన్నాను.

"చెయ్యి తీయ్! అది మా బాపు."

ఆమె బాపు అంటే మా అమ్మకూ బాపే, నాకు తాత. నలభైల్లో చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో పనిచేసేవాడు. చేతులు ఎప్పుడూ అత్తరు జిడ్డుతో ఉండేవట. ఒక దీపావళికి కొత్త రూపాయి తెచ్చి, పెద్దమ్మ చిన్న చేతిలో పెట్టి, బొటనవేలితో అదిమాడు.

"గట్టిగ పట్టుకో బిడ్డా, పారేస్తవ్."

మళ్ళీ దీపావళికి ఆయన లేడు. జ్వరం వచ్చి పోయాడు. మా అమ్మ అప్పటికి పొత్తిళ్ళలో ఉంది. ఫోటో దిగేంత స్తోమత ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మొదట్లో ఆ ముద్ర కనపడలేదట. ఏళ్ళు గడిచి, వెండి రంగు మారే కొద్దీ, గీతలు ఒక్కొక్కటే పైకి తేలాయి. "పోయినోడు మెల్లగ తిరిగొచ్చిండు రా" అనేది.

నేను భూతద్దం పెట్టి చూశాను. సుడి కూడా తెలుస్తోంది. మా తాతను నేను చూసింది అంతే.

ఫోటో తీస్తానని ఎన్నిసార్లు బతిమాలానో. "మనిషి ఉండంగ ఫోటో ఏంటికి?" అని మూట కట్టేసేది.

దీపావళికి లక్ష్మీపూజలో పెట్టే బిళ్ళలన్నీ చింతపండుతో తోమి, పాలతో కడగడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. ఈ ఒక్కదాన్ని మాత్రం ఆమె ఎన్నడూ తోమలేదు. గుడ్డతోనే పళ్ళెంలో పెట్టేది.

శీనుకూ నాకూ ఒకటే మాట చెప్పి పెట్టింది. "నేను పోతే నా నొసటి మీద గీ బిళ్ళనే పెట్టాలె. మా బాపు వేలు నాకు తాకాలె."

రెండేళ్ళుగా ఆమెకు మతి తప్పింది. మమ్మల్ని పోల్చుకోవడం మానేసింది. కానీ చేతులకు పనులన్నీ గుర్తున్నాయి.

పోయిన దీపావళికి నేను వెళ్ళేసరికి పెరట్లో పీట మీద కూర్చుని ఉంది. ముందు చింతపండు, బూడిద. చేతిలో చార్మినార్ రూపాయి, తళతళా మెరిసిపోతోంది.

నన్ను చూసి చిన్నపిల్లలా సంబరపడింది.

"ఎవడో మురికి అంటిచ్చిండు రా. మస్తు రుద్దితే గాని పోలే!"

శీను అక్కడే నేల మీద కూలబడ్డాడు. నేను కాయిన్ తీసుకుని, వెలుతురుకు తిప్పి తిప్పి చూశాను. ఏమీ లేదు. ఉత్త కమాను.

నాణెం నల్లబడితే మళ్ళీ తెల్లబరచొచ్చు. తెల్లబడ్డదాని మీదికి ఆ వేలిని ఎవడు తేగలడు?

అంతకన్నా ఘోరం తర్వాత జరిగింది. ఒకరోజు ఉన్నట్టుండి ఆమెకు మతి వచ్చింది. మూట అడిగింది. విప్పి చూసింది. బోర్లించి చూసింది.

"ఇది నాది కాదు. మా బాపు ఏడి?"

ఎవరు చెప్పగలరు? నువ్వే తోమేశావని ఎవరు చెప్పగలరు? శీను తల తిప్పుకున్నాడు. బిళ్ళ మార్చేశామనుకుంది. "నా బిళ్ళ నాకియ్యున్రి" అని అడుగుతూనే ఉంది. నిన్న తెల్లవారుజాము దాకా.

మాట ఇచ్చాం కాబట్టి ఆ రూపాయే పెట్టాం. గంధం అద్ది నుదుటి మీద పెడితే జారిపోయింది. మళ్ళీ పెట్టి, బొటనవేలితో అదిమాను.

చెయ్యి తీశాక చూస్తే, ఆ తెల్లటి వెండి మీద నా వేలిముద్ర.

ఆమె అడిగిన వేలు అది కాదు.

పురానాపూల్ శ్మశానంలో ఎవరో "వెండిది, తీసి దాచుకోండి" అన్నారు. తీయలేదు. దాచుకోవడానికి అందులో ఏముంది?

పోయిరా పెద్దమ్మా. అక్కడ మీ బాపు ఉంటే, ఈసారి ఆయన చెయ్యే పట్టుకో.

నీకైనా శాంతి దొరకాలి.