షిఫ్ట్ చేశారన్న మాట

మా ఇంట్లో షిఫ్ట్ అనేది చాలాకాలం నామవాచకమే. ఫస్టు షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. నాన్న నిద్ర, అమ్మ వంట, మా టీవీ చప్పుడు అన్నీ దాన్నిబట్టే నడిచేవి. ఇంటర్‌లో ఇంగ్లిషు మేడం దాన్ని క్రియగా చెప్పింది. జరపడం, మార్చడం, తరలించడం. వాక్యం చెప్పమంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మా ఊరిని ఓపెన్‌కాస్టు గని కోసం షిఫ్ట్ చేస్తున్నరు మేడం" అంది. ఎవరూ నవ్వలేదు. మేడం ఆ వాక్యాన్ని బోర్డు మీద రాయకుండానే ఇంకొకరిని లేపింది.

గోదావరిఖనిలో ఆ క్రియకు ఇంకో వాడుక ఉంది.

నాన్న భూగర్భ గనిలో పనిచేసేవాడు. ఆ ఎండాకాలం ఒకరోజు ఫస్టు షిఫ్టుకు వెళ్లి, మధ్యాహ్నం రావలసిన మనిషి రాలేదు. అమ్మ అన్నం మీద మూత తీసి చూసి మళ్లీ పెట్టింది. కాసేపటికి నాన్నతో పనిచేసే, నాకు బాబాయి వరసయ్యే కాక వచ్చాడు. ఒంటి మీద బొగ్గు అలాగే ఉంది. స్నానం చేయకుండా ఆయన మా గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు.

"వదినా, జర కాలుకు దెబ్బ తాకింది. దవాఖానకు షిఫ్ట్ చేసిన్రు. ఫికర్ చెయ్యకు" అన్నాడు, గోడకేసి చూస్తూ.

అమ్మ తలుపు రెక్క పట్టుకుంది. అంతకు ముందు ఏడాది మా క్వార్టర్ల వరుసలోని అక్కకూ ఆమె భర్త గురించి ఇలాగే చెప్పారు. ముందు దవాఖానకు షిఫ్ట్ చేశారన్నారు, తర్వాత కరీంనగర్ అన్నారు. తిప్పి తిప్పి చివరికి మార్చురీ దగ్గర దించారు. పొద్దున గనిలోనే పోయిన మనిషిని ఆ ఒక్క మాట సాయంత్రం దాకా బతికించింది. అబద్ధం చెప్పారని ఎవరినీ అనలేం. శవాన్ని కూడా షిఫ్టే చేస్తారు.

కాకతోపాటు ఆటోలో దవాఖానకు వెళ్లాం. "ఆయననా? కరీంనగర్ షిఫ్ట్ చేసిన్రమ్మా" అంది నర్సు.

అమ్మ ఏడవలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది. "బిడ్డా, మాట్లాడిండా? నీ కండ్లతోని చూసినవా?"

"నేను ఇప్పుడే డ్యూటీ ఎక్కినమ్మా. చూడలే."

కాక కారు మాట్లాడాడు. పెద్దపల్లి దాటాక ముందు సీట్లో ఆయన ఫోన్ మోగింది. "ఆఁ... ఆఁ... సరే" అని పెట్టేశాడు. ఏందని అమ్మ అడగలేదు, నేనూ అడగలేదు. అడగనంతసేపు నాన్న ఉన్నట్టే అనిపించింది.

కరీంనగర్ దవాఖాన ముందు అంబులెన్సు తలుపులు తెరిచి ఉన్నాయి. స్ట్రెచర్ మీద తెల్లదుప్పటి కప్పిన మనిషిని ఎక్కిస్తున్నారు. దుప్పటి గడ్డం దాకానే ఉందో, ముఖం మీదికి కూడా కప్పారో దూరం నుంచి కనిపించలేదు. అమ్మ చెప్పులు వదిలేసి పరుగెత్తింది.

"జరుగమ్మా, హైదరాబాద్ షిఫ్ట్ చేస్తున్నం" అని ఎవరో అడ్డొచ్చాడు.

"ఏడికన్న చేసుకోన్రి. నన్ను గూడ ఎక్కియ్యిన్రి!" అని అతన్ని తోసుకుని ఎక్కేసింది.

నేను వెనక చక్రం దగ్గరే ఆగిపోయాను. లోపలినుంచి నాన్న గొంతు సన్నగా వినిపించింది. నీళ్లు అడుగుతున్నాడు. వెనక్కి వెళ్లి అమ్మ వదిలేసిన చెప్పులు తీసుకొచ్చాను.

నాన్న బతికాడు. కాలు మాత్రం మోకాలి కింద తీసేశారు. తర్వాత ఆయనకు గనిపైన దీపాల గదిలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు టోపీ దీపం ఇవ్వాలి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టాలి. ఒక దీపం తిరిగి రాలేదంటే ఒక మనిషి ఇంకా పైకి రానట్టు. ఇక భయం లేదనుకుంది అమ్మ.

ఒక సాయంత్రం ఆయన బాగా ఆలస్యంగా వచ్చాడు.

"ఒక్క దీపం రాలే. గందుకే ఆగిన" అన్నాడు, పెట్టుడు కాలు పట్టీలు విప్పుకుంటూ.

"మరి వచ్చిందా?"

"వచ్చింది. వేరేటోళ్లు తెచ్చిచ్చిన్రు."

ఎవరి దీపమని అమ్మ అడగలేదు. బయట మా వరుసలో ఎవరింటి ముందో ఆటో ఆగింది.