పూజలో ఉన్న తుపాకి

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గిన్నెలు తర్వాత కడుక్కోవచ్చు, ఆ టీవీ గొంతు తగ్గించండి. ఇంట్లో ఒక తుపాకి ఉంటే ధైర్యంగా ఉంటుందని ఇక్కడే కూర్చున్న మన అల్లుడు మొన్న అన్నాడు కదా. దానికి నా దగ్గర జవాబుంది. ఒక్క మాటలో అయ్యేది కాదు, కొంచెం ఓపిక పట్టాలి.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో నేను ఆ సైటుకు చేరాను. పట్టాళం నుంచి హవల్దారుగా దిగి అప్పటికి ఏడాది. మాదాపూర్ దాటి రాయదుర్గం వైపు పోతే అప్పుడు తారు రోడ్డు లేదు. ఎర్రమట్టి బాట. రెండు పక్కలా ఇల్లంతేసి రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, తుమ్మ ముళ్లు. నీడ లేదు. పదకొండు కొట్టేసరికి బూటు అడుగు మెత్తబడేది. ఆ గుండ్లు పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు లేపాలి. అందులో కంప్యూటర్ల ఆఫీసులు వస్తాయని చెప్పారు.

సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు నా పేరు తర్వాత అడిగారు. తుపాకి సొంతమా అని ముందు అడిగారు. అప్పటి రివాజు అది. లైసెన్సుతో సొంత తుపాకి ఉన్న మాజీ సైనికుడైతే గన్‌మ్యాన్. లేకపోతే లాఠీ, గేటు. నాకు రెండు గొట్టాల తుపాకి ఉంది. మక్కచేను మీదికి వచ్చే అడవిపందుల కోసం కొన్నానని ఇంట్లో చెప్పాను. నిజానికి అన్నేళ్లు మోసిన చేతికి అది లేకపోతే ఏమీ తోచేది కాదు.

ఏజెన్సీ ఇచ్చిన సామాను: ఖాకీ జత, తూటాల బెల్టు, ఒక సీటీ అంటే ఈల, ఒక వాకీటాకీ. దాన్ని అందరం సెట్ అనేవాళ్లం. ఉండడానికి రేకుల గది. మీ నాయనమ్మ లక్ష్మి, నేను, ఆమె తమ్ముడు నర్సింలు.

నర్సింలును మీరు చూడలేదు. తల్లి లేని పిల్లవాడు, మీ నాయనమ్మే ఎత్తుకుని పెంచింది. వాడు నాకంటే ముందే ఆ సైటులో చేరాడు. నాకు కొలువు సంగతి చెప్పిందీ వాడే. మిషన్‌తో గుండ్లకు రంధ్రాలు కొట్టడం వాడి పని. ఆ రంధ్రాల్లో మందు కూరి పేలుస్తారు. సాయంత్రం తల నిండా తెల్లటి రాతిపొడితో వచ్చి నన్ను ఆటపట్టించేవాడు.

"బావా, నీ తుపాకి ఒక్కనాడన్న పేలలే. నా గుండ్లు దినాం పేలుతున్నయి. మన ఇద్దరిల ఎవలు సిపాయి?"

పేల్చేందుకు ఒక పద్ధతి ఉంది. మొదటి సీటీకి పని ఆపాలి. రెండో సీటీకి అందరూ ఎర్రజెండా దాటి రావాలి, మేస్త్రి తలలు లెక్కపెట్టాలి. మూడో సీటీ కొట్టి పేల్చాలి. పట్టాళంలో ఎంత గట్టిగా ఉండేదో ఇక్కడా అంతే గట్టి. దాటినవాడు లేడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం. ముసురు ఆగి ఎండ కాసింది. సైటు చూడడానికి పెద్దవాళ్లు వస్తున్నారని పొద్దుటి నుంచి హడావుడి. నేను గేటు దగ్గర ఉన్నాను. మొదటి సీటీ వినబడింది. తర్వాత సెట్‌లో మేస్త్రి గొంతు.

"సార్, రెండో సీటీ కొట్టలే. తలలు లెక్కవెట్టాలె."

మేనేజర్ గొంతు. "కార్లు గేటు కాడికొచ్చినయి. వాళ్లు లోపలికొచ్చినంక దుమ్ము లేస్తే నా ఇజ్జత్ పోతది. ఇప్పుడే పేల్చు."

"జర ఆగుండ్రి సార్."

"పేల్చుమన్న."

పేలింది. మొదటి సీటీకి నర్సింలు పని ఆపాడు. రెండో సీటీ వస్తే లేద్దామని మిషన్ పక్కన కూర్చున్నాడు. వాడు పద్ధతి తప్పలేదు. రాయి ఛాతీ మీద పడింది. దవాఖాన చేరకముందే పోయాడు.

మేనేజర్ మా జిల్లా మనిషే. మనం మనం ఒకటి హవల్దార్ అని చేరిన రోజే నా భుజం తట్టినవాడు. ఠాణాలో ఆయన చెప్పింది ఇది: సీటీలన్నీ కొట్టారు, పిల్లవాడు తాగి అక్కడే పడుకున్నాడు. మేస్త్రి భయపడి దానికే వేలిముద్ర వేశాడు. సెట్‌లో విన్నది నేను చెబితే, బావమరిది కోసం చెబుతున్నావు అని పక్కన పెట్టారు.

చచ్చినవాణ్ణి మళ్లీ చంపడమంటే అదే. కల్లు కూడా ముట్టనివాడు. దినం నాడు మా ఊరివాళ్లు కూడా చాటుగా, తాగిండట కదా, అనుకున్నారు. మీ నాయనమ్మ విన్నది.

కూలీలు మేనేజర్ కారు మీద రాళ్లు వేశారు. మర్నాడు నాకు ఆర్డర్ వచ్చింది. పొద్దున ఎనిమిది నుంచి ఆయన కారెక్కి పోయేదాకా నేను వెంట ఉండాలి. సైటులో తుపాకి ఉన్నది నాకొక్కడికే. నేను ఎవరి బావనో ఆయనకు తెలుసు. తెలిసే పెట్టుకున్నాడు.

"నువ్వు ఫౌజీవి. ఫౌజీ ఆర్డర్ దాటడు," అన్నాడు.

నాలుగడుగుల వెనక నడిచేవాణ్ణి. గొట్టాల్లో రెండు తూటాలు. కళ్లముందు ఆయన మెడ, కాలరు మీద చెమట మరక. ఏ గుండు చాటున ఎవరూ చూడరో, ఏ వేళకు కంప్రెసర్ మోతలో చప్పుడు కలిసిపోతుందో రోజూ చూసుకునేవాణ్ణి. శత్రువును కనిపెట్టమని పట్టాళం నేర్పింది. ఇక్కడ కనిపెట్టే పని లేదు, నా కాపలాలోనే ఉన్నాడు.

ఇంటికొస్తే మీ నాయనమ్మ అన్నం పెట్టి, గోడకు ఆనించిన తుపాకి వైపు చూసేది. ఒకనాడు అననే అన్నది.

"పందులకని కొన్నవు గద. పందిని నేను చూపియ్యాల్నా?"

అల్లుడూ, నీకు చెప్పాలనుకున్నది ఇది. తుపాకి లేని ఇంట్లో మనిషి తిడతాడు, ఏడుస్తాడు, ఎప్పటికో పడుకుంటాడు. ఉన్న ఇంట్లో దాన్ని రోజూ నూనె గుడ్డతో తుడుస్తాడు. దానితోపాటు కోపాన్నీ తుడుస్తాడు. రెండింటికీ తుప్పు పట్టదు.

క్రేన్ నడిపే ఆయనది గోదావరి వైపు. నా చూపు కనిపెట్టాడు. చాయ్ తాగుతూ మెల్లగా అన్నాడు: "మీరు ఆయన్ని చంపేస్తే పేపర్లో ఆయన ఫొటో వేస్తారండి. మీ బావమరిది తాగుబోతుగానే ఉండిపోతాడండి."

దసరా సాయంత్రం కూలీలు ఊళ్లకు పోతారు, సైటు ఖాళీ అవుతుంది. ఆ రోజే అని లోపల అనుకున్నాను.

ఊళ్లకు పోయేవాళ్లున్నారని ఆయుధపూజ, జమ్మి రెండూ దసరా పొద్దున్నే పెట్టారు. క్రేన్‌కు మామిడాకులు, మిక్సర్లకు బంతిపూలు. వాటి ముందు గడ్డపారలు, డ్రిల్లు మిషన్లు వరసగా పేర్చారు. తుపాకి కూడా పెట్టమన్నారు. పట్టాళంలోనూ పెడతాం. తూటాలు తీసి జేబులో వేసుకుని, ఖాళీ తుపాకి వరసలో పెట్టాను. పూజలో పెట్టిన పనిముట్టును తెల్లారేదాకా ముట్టరు. అట్లాగైతే సాయంత్రం దాన్ని ఎట్లా తీస్తానన్న ఆలోచనే అప్పుడు రాలేదు. చేతులు అలవాటు కొద్దీ పని చేసుకుపోయాయి.

అప్పుడు మీ నాయనమ్మ వచ్చింది. కొంగులో చుట్టి నర్సింలు సమ్మెట తెచ్చింది. వాళ్ల నాయన వాడికిచ్చిన సమ్మెట. దాన్ని నా తుపాకి పక్కన పెట్టి, రెండింటికీ బొట్టు పెట్టింది.

హారతి అయ్యాక మేనేజర్ జమ్మి ఆకులు పట్టుకుని లేచాడు. దసరా నాడు ఆకును బంగారమని చేతిలో పెట్టి కౌగిలించుకుంటాం. తీసుకుంటే పాత పగ అక్కడితో తీరినట్టే. ఆయనకూ తెలుసు. అందుకే ముందు నా దగ్గరికి వచ్చాడు. నేను తీసుకుంటే మిగతావాళ్లు తీసుకుంటారని.

"బంగారం తీస్కో హవల్దార్."

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ఆయన మేస్త్రికి చాపాడు. మేస్త్రి తల దించుకున్నాడు. డ్రిల్లువాళ్లు, ఇటుకలు మోసే ఆడవాళ్లు, క్రేన్ ఆయన. ఒక్క చేయి ముందుకు రాలేదు. గుంపు మేనేజర్ చుట్టూ దగ్గరికి జరిగింది. మేనేజర్ నా చెవిలో అన్నాడు, తుపాకి తీయి అని.

"పూజల ఉన్నది సార్. తెల్లారెదాక ముట్టరు."

అప్పుడు చూశాను ఆయన ముఖం. అన్నాళ్లూ నా తుపాకి ఆయన వీపును కాసింది. అది పక్కకు పోగానే ఆయన ఒంటరివాడైపోయాడు. నేను దాన్ని మోసినన్నాళ్లూ ఆయన్ని ఏమీ చేయలేకపోయాను.

మీ నాయనమ్మ ముందుకొచ్చి నా నడుముకున్న సెట్ తీసి ఆయన నోటి దగ్గర పెట్టింది. బటన్ నేను నొక్కాను.

"నా తమ్ముడు తాగలేదని చెప్పు. ఈ సెట్లనే చెప్పు. ఆనాడు పేల్చుమని ఈ సెట్లనే చెప్పినవు."

ఆయన గుంపును చూశాడు.

"నర్సింలు తాగలే. రెండో సీటీ నేనే కొట్టనియ్యలే."

గేటు దగ్గర, గోదాములో, క్రేన్ క్యాబిన్‌లో, ఎక్కడెక్కడ సెట్ ఉందో అక్కడల్లా ఆ మాట మోగింది. ఆయన వెంటనే ఆమెకు ఆకు చాపాడు, ఇక తీసుకుంటుందని.

"చెప్పినవు. ఇగ పో," అని ఆమె సమ్మెట ముందుకు వెళ్లి కూర్చుంది.

మేస్త్రి మర్నాడే ఠాణాకు పోయి ఉన్నది ఉన్నట్టు రాయించాడు. ఊరికి కబురు చేరింది, నర్సింలు పేరు మీది మచ్చ పోయింది. కేసు ఏళ్ల తరబడి నడిచి చల్లారింది. నేను చల్లారలేదు. తెల్లారి పూజ ఎత్తాక తుపాకి మీది కుంకుమ తుడిచి, కొలువు మాని, బస్సెక్కి మా జిల్లాకు వచ్చాను. తుపాకి, లైసెన్సు రెండూ అక్కడి ఠాణాలో అప్పగించాను. దానితో పని తీరిందని కాదు. పని ఇంకా ఉందని చేతికి తెలుస్తూనే ఉంది, అందుకు.

ఇప్పటికీ దసరా వస్తే అందరి దగ్గరా జమ్మి తీసుకుంటాను, అందరినీ కౌగిలించుకుంటాను. కళ్లు మూస్తే ఆ మేనేజర్ చేయే. గుండ్ల నడుమ ఎండలో చాపి ఉన్న చేయి, వేళ్లకు కుంకుమ, నాలుగు జమ్మి ఆకులు, ఎవరూ తీసుకోరు. అది అట్లాగే ఉండాలి. దించుకోమని ఈ జన్మలో చెప్పను.

మీరు చల్లగా ఉండండి బిడ్డా. మీ గడపలో పొయ్యి ఆరకూడదు, మీ పిల్లలు పనికి పోయి క్షేమంగా తిరిగి రావాలి. మీరు చాపిన బంగారం తీసుకునే చేతులు మీ చుట్టూ ఎప్పుడూ ఉండాలి.