చిటికెడు నీలం

తళతళ మేస్త్రీకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయన పలకడు. పక్కవాడినెవరినో పిలుస్తున్నారనుకుంటాడు. ఇళ్ళకు రంగులు వెయ్యడం ఆయన పని. గోడ ఎవరిదైనా సరే, పని ముగించి నిచ్చెన దిగి, రెండడుగులు వెనక్కి వేసి, నడుం మీద చేతులు పెట్టుకుని "తళతళలాడుతోందా లేదా?" అని అడుగుతాడు. లేదనే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు. పొరపాటున ఎవరైనా అంటే, చేతిలోని టీ చల్లారిపోయేదాకా వాదిస్తాడు. ఇంకో టీ తెప్పించి మళ్ళీ మొదలుపెడతాడు.

మిగతా రంగులు ఎవరైనా వేస్తారు, తెలుపు వెయ్యడమే పనితనం అంటాడు మేస్త్రీ. ఆయన తెలుపుకి ఓ రహస్యం ఉంది. డబ్బా మూత తీశాక, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి, అందులోని నీలిమందు ఒక్క చిటికెడు కలుపుతాడు. ఉత్త తెలుపు కంటికి కాస్త పచ్చగా, పాలిపోయినట్టు ఉంటుంది. ఆ చిటికెడు పడిందా, గోడకి ప్రాణం లేచొస్తుంది. పని నేర్పిన గురువు ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మన మహానుభావుడు కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు.

ఆ భార్యని వీధంతా మిషనక్క అంటారు. కింద ఒక గదీ వంటిల్లూ, పైన రేకుల కప్పు కింద ఆవిడ కుట్టుగది. పెళ్ళయిన కొత్తలో ఎవరిదో పాత మిషన్ మీద చేతిరుమాళ్ళు కుట్టడంతో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా బల్ల, అద్దం, గుడ్డల అర అమర్చుకున్న గది అది. ఆ బల్ల కిందికి దించాలంటే మంచం వీధిలో వేసుకోవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక మేస్త్రీ కింద నడుం వాలిస్తే, పైనుంచి మిషన్ టకటకలాడుతూ ఉండేది. ఆయనకి అదే జోలపాట. ఆ చప్పుడు లేకపోతే పక్క మీద పొర్లడమే తప్ప కన్ను మూతపడదు.

రానురాను ఎండలు ముదిరిపోయాయి. వేసవి వచ్చిందంటే ఆ రేకులు పెనంలా కాలేవి. ఫ్యాను వేస్తే వేడిగాలి మొహాన కొట్టడం తప్ప లాభం లేదు. మిట్టమధ్యాహ్నానికి మిషన్ చక్రం ముట్టుకుంటే చురుక్కుమనేది. ఈసారి వేసవిలో మిషనక్క గుడ్డ కత్తిరిస్తూ కళ్ళు తిరిగి బల్ల మీదే వాలిపోయింది. కిందికి తీసుకొచ్చి మొహం మీద నీళ్ళు చల్లితే లేచి కూర్చుంది.

"ఇంక నావల్ల కాదండీ. మిషన్ చెల్లెలికి ఇచ్చేస్తాను. కుట్టింది చాల్లే" అంది నవ్వుతూ.

ఏడ్చి ఉంటే మేస్త్రీ ఓదార్చేవాడు. నవ్వేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు.

ఈ సంగతి విని పరుగెత్తుకొచ్చింది మేస్త్రీ అక్కగారి కూతురు. ఆ అమ్మాయి కొత్త కొత్త పదార్థాలు తయారుచేసే ల్యాబులో పరిశోధన చేస్తోంది. కోస్తే మళ్ళీ తనంతట తానే అతుక్కునే ప్లాస్టిక్ ఒకరు, దూది కన్నా తేలికైన గాజు నురుగు ఇంకొకరు చేస్తుంటారక్కడ. మేనకోడలి పని తెల్లటి పొడి నూరడం. "ఇంత చదువూ చదివి రోలు పట్టుకున్నావటే!" అని మేస్త్రీ ఏడిపిస్తూ ఉంటాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆ పొడి దేనికని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఈసారి ఆ అమ్మాయి రెండు పెద్ద డబ్బాలు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టింది.

"ఇది రేకుల మీద వెయ్యి మావయ్యా. అత్తయ్య గది చల్లబడుతుంది."

"ఏమిటిది?"

"తెల్లరంగే. కానీ ఇందులో రేణువులు పెద్దవీ చిన్నవీ కావాలనే కలిపాం. ఎండలో ఏ రంగు కిరణం వచ్చినా, దానికి తగ్గ రేణువు ఎదురు నిలబడి వెనక్కి తరిమేస్తుంది. పైగా రేకులో ఉన్న వేడిని ఆకాశంలోకి పంపేస్తుంది. మా డాబా మీద అరచేతంత ముక్కకి పూసి చూశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉండి, నీడలో గాలి కన్నా చల్లగా ఉంది."

"ఎండలో రేకు నీడకన్నా చల్లగానా? నా చెవిలో పువ్వు పెట్టకే."

"వేసి చూడు మరి. నిజమైన ఇంటి మీద వెయ్యడం ఇదే మొదలు. ఒక్క మాట మావయ్యా, ఇందులో ఏమీ కలపొద్దు. చుక్క నీళ్ళు కూడా."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! రంగు వెయ్యడం నాకు నేర్పుతావా? నువ్వెళ్ళి నీ థర్మామీటర్లు తెచ్చుకోపో."

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ కప్పెక్కి ఒక డబ్బా మూత తీశాడు. తీసి మొహం చిట్లించాడు. సుద్దముక్కలా ఉంది. మెరుపు లేదు, నిగారింపు లేదు. ఓ రేకు మీద పూసి చూస్తే ఇంకా వెలవెలబోయింది. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ తళతళలాడించి, సొంత పెళ్ళాం గది కప్పుకి ఈ పాలిపోయిన మొహమా? ఎదురింటి మేడ మీంచి ఇస్త్రీ ఆయన చూస్తే ఏమంటాడు? ఆ ఇస్త్రీ ఆయన తెల్లబట్టల మీద బతికేవాడు, తెలుపు విషయంలో మాట తూలడానికి కాచుకుని ఉంటాడు. చిన్నపిల్ల, ఏమీ కలపొద్దందంటే ఏ నీళ్ళో, ఏ జిగురో అని దాని ఉద్దేశం. అలవాటైన చెయ్యి జేబులోకి వెళ్ళనే వెళ్ళింది. ప్రేమ కొద్దీ చేశాడని సరిపెట్టుకోవచ్చు గానీ, సగం గర్వం కొద్దీ కూడా చేశాడు.

సాయంత్రానికి కప్పు తళతళలాడింది. ఇస్త్రీ ఆయన మేడ మీద నిలబడి, ఇష్టం లేకపోయినా "బాగుంది మేస్త్రీ" అన్నాడు. మేస్త్రీ ఛాతీ బెత్తెడు పెరిగింది.

ఆ పెరిగిన ఛాతీ మర్నాటి మధ్యాహ్నానికి అణిగిపోయింది. మేనకోడలు రేకుకి ఒక థర్మామీటర్ అతికించి, మెట్ల కింద నీడలో ఇంకొకటి పెట్టింది. రేకు మునుపటిలా కాలడం లేదు. అయినా నీడ కన్నా వేడిగానే ఉంది. మిషనక్క కాసేపు మిషన్ తొక్కి, చెమట తుడుచుకుంటూ దిగొచ్చింది.

"ముందుకన్నా నయమేనమ్మా" అంది, పిల్ల మనసు నొచ్చుకోకూడదని.

మేనకోడలు థర్మామీటర్లు మార్చి మార్చి చూసింది. మళ్ళీ అతికించింది. రెండు రోజులు అలాగే చూసింది. చివరికి గుమ్మంలో చతికిలబడింది.

"తప్పు నాదే మావయ్యా. నువ్వు నేను చెప్పినట్టే వేశావు. నా పొడే సరిగ్గా నూరలేదేమో. మా మేడమ్‌కి చెప్పేస్తాను, ఇది ల్యాబు గడప దాటితే పనికిరాదని."

దొంగకి తేలు కుట్టినట్టయింది మేస్త్రీకి. నేను చెప్పినట్టే వేశావు అని ఆ పిల్ల అనకుండా ఉన్నా బాగుండేది. గోరంత చిటికెడు నీలం ఇంత పని చేస్తుందా అని తనలో తాను వాదించుకున్నాడు. ఎదుటివాడు లేని వాదన కదా, అందులోనూ గెలవలేకపోయాడు. నోరు విప్పితే గురువుకిచ్చిన ఒట్టు పోతుంది, ఇన్నేళ్ళ పేరూ పోతుంది. మధ్యాహ్నాలు పక్క మీద పొర్లుతూ ఆ పొట్లాన్ని జేబులో తడుముకుంటూ గడిపాడు.

ఆదివారం మిషనక్క మిషన్ తలకాయని బల్ల మీంచి విప్పి, పాత దుప్పట్లో చుట్టింది. సాయంగా ఇస్త్రీ ఆయన వచ్చాడు. ఇరుకు మెట్లు. ఇస్త్రీ ఆయన కింద, మేస్త్రీ పైన పట్టుకుని దిగుతున్నారు. వెనకాల మిషనక్క దారపు ఉండల డబ్బా పట్టుకుని వస్తోంది. మెట్ల కింద మేనకోడలు తలవంచుకుని నిలబడింది. సగం మెట్లు దిగేసరికి మేస్త్రీ ఆగిపోయాడు.

"దించు."

"ఇంకా సగం మెట్లున్నాయి మేస్త్రీ."

"దించమన్నానా!"

మిషన్‌ని మెట్టు మీద దించారు. మేస్త్రీ జేబులోంచి పొట్లం తీసి, అందరికీ కనపడేలా అరచేతిలో పెట్టుకున్నాడు. ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"నేనే కలిపాను. నీలిమందు. చిటికెడే. కంటికి బాగుండాలని... నా పెళ్ళాం కప్పు కదా అని. ఎప్పుడూ కలుపుతాను. నా తెలుపంతా ఇదే. నాలో పనితనమేమీ లేదు."

ముందు మిషనక్కే నవ్వింది. ఈసారి నిజంగా నవ్వింది.

"ఇదా రహస్యం! ఇన్నేళ్ళూ మీ చొక్కా జేబులు ఉతుకుతున్నది ఎవరనుకున్నారు?"

"నాకూ తెలుసు. మీ చొక్కా తోమితే నా ఇస్త్రీపెట్టె అడుక్కి నీలం అంటుకునేది. మర్యాద కాదని ఊరుకున్నాను" అన్నాడు ఇస్త్రీ ఆయన.

మేనకోడలు మాత్రం పైకి రెండు మెట్లెక్కి, ఆ పొట్లాన్నీ మావయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసింది. కోపగించుకుంటుందనుకుని మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు.

"అంటే నా పొడి మంచిదే!" అని అరిచింది ఆ పిల్ల, కళ్ళనీళ్ళతో. "మావయ్యా, నా పొడి మంచిదే! నీలం తెలుపుని పెంచదు. ఎండలోని పసుపునీ ఎరుపునీ కొంచెం మింగేస్తుంది. మన కంటికి అది మెరుపు. మింగిన ఎండ ఎక్కడికి పోతుంది? రేకులోకే పోతుంది. మాది అసలేమీ మింగకూడదు. ఇది మనుషులు చూడ్డానికి వేసే తెలుపు కాదు, ఎండ చూడాల్సిన తెలుపు."

"చిటికెడుకే అంత తేడానా?"

"చిటికెడుకే. ఇంకో డబ్బా మిగిలే ఉందిగా?"

మిగిలే ఉంది. మేస్త్రీ అప్పటికప్పుడే కప్పెక్కబోతే మిషనక్క చొక్కా పట్టుకుని ఆపింది. పని చొక్కా విప్పించింది. అక్కడే, మెట్టు మీదే, మిషన్ మీది దుప్పటి లాగేసి, చేత్తో చక్రం తిప్పుతూ ఆ జేబు నోరు కుట్టేసింది. రెండు వరసలు కుట్టింది.

"ఇప్పుడు ఎక్కండి" అంది.

మేస్త్రీ ఎక్కాడు. సుద్దముక్క లాంటి ఆ తెలుపుని అంచు నుంచి అంచుకి, మూలమూలకీ, గురువు నేర్పిన చేత్తోనే పూశాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు చెయ్యి జేబు దాకా వెళ్ళి కుట్టు తగిలి వెనక్కొచ్చింది. పని అయ్యాక రెండడుగులు వెనక్కి వేశాడు గానీ ఎవరినీ ఏమీ అడగలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మేనకోడలు కప్పు మీంచి కేక పెట్టింది. మేస్త్రీ నిచ్చెనెక్కి, భయపడుతూ భయపడుతూ రేకు మీద అరచెయ్యి ఆనించాడు. నెత్తి మీద ఎండ మాడుస్తోంది. చెయ్యి మాత్రం చల్లగా ఉంది. ఇంకో చెయ్యి కూడా ఆనించాడు. చెంప కూడా ఆనించేవాడే, ఎదురింటి మేడ మీద ఎవరైనా చూస్తారని ఊరుకున్నాడు.

ఆ పూటే మిషన్ మళ్ళీ పైకెక్కింది.

భోజనాలయ్యాక ఇస్త్రీ ఆయన వీధి దాటి వచ్చాడు. అంత మంచి అవకాశం ఆయన వదులుకుంటాడా? గుమ్మంలో నిలబడి గొంతు పెంచాడు.

"మేస్త్రీ! మా మేడ మీంచి చూశాను. మీ కప్పు మొహం సుద్ద పూసుకున్నట్టుంది. తళతళ ఏదయ్యా?"

లోపలికి తొంగి చూశాడు. మేస్త్రీ మంచం మీద వెల్లకిలా పడుకుని, జేబు కుట్టేసిన చొక్కాతోనే, నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు.

"ఆయన్ని లేపకండి అన్నయ్యగారూ!" అని పైనుంచి మిషనక్క కేకేసింది.

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ మిషన్ ఆపలేదు.