సూరత్ వదిలే ముందు మల్లేశం కాకతో డుమస్ దాకా

రాజీనామా ఇచ్చిన రోజు నుంచి నాకు గదిలో కాలు నిలవలేదు. మూడేళ్లుగా సూరత్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేశాను. పక్షవాతంతో మాట పడిపోయిన వాళ్లకు, నత్తి ఉన్న పిల్లలకు మాట్లాడటం నేర్పే పని అది. హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. ఇక్కడ నెల రోజుల నోటీసు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, మూడేళ్లలో నేను చూసిన సూరత్ అంటే ఉధనాలో నా గది, ఆసుపత్రి, ఆ రెంటి మధ్య బస్సు కిటికీ, అంతే. దాంతో డ్యూటీ దిగగానే కనిపించిన సిటీ బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, మళ్లీ అదే బస్సులో వెనక్కి రావడం మొదలుపెట్టాను. ఒకరోజు పాండెసరా మీదుగా బమ్రోలి, ఇంకోరోజు నది అవతలి వైపు. గదికొచ్చాక సగం సర్దిన పెట్టె తెరిచి, అన్నీ బయట పడేసి, మళ్లీ సర్దేదాన్ని. అమ్మ ఫోన్ చేసి "ఎప్పుడు బయలెల్లుతున్నవ్?" అంటే సంతోషంగా ఉండేది. ఫోన్ పెట్టేయగానే గుబులు.

ఆ గుబుల్లో చాలా భాగం మల్లేశం కాక గురించే. సిరిసిల్ల దగ్గరి పల్లె ఆయనది. పెళ్లైన కొత్తలో వచ్చి గోడాదరాలో ఇల్లు అద్దెకు తీసుకుని, ఇన్నేళ్లూ పవర్‌లూమ్‌ల మీద పనిచేశాడు. కిందటేడు పక్షవాతం వచ్చింది. కుడి చేతికి పట్టు తగ్గింది, కుడి కాలు కాస్త ఈడుస్తాడు కానీ నడుస్తాడు. మాట మాత్రం పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తనకు చెప్పాలని ఉంటుంది, నోటికి మాట అందదు. హిందీ, గుజరాతీ గడగడా మాట్లాడిన మనిషికి మెల్లగా తిరిగొచ్చిన నాలుగు మాటలూ తెలుగే. మా ఆసుపత్రిలో తెలుగు వచ్చిన థెరపిస్టును నేనొక్కదాన్నే. అన్నట్టు, కోపమొస్తే ఒక బూతుమాట మాత్రం ఏ తడబాటూ లేకుండా వచ్చేది. ఈ జబ్బులో అది మామూలేనని ఎంత చెప్పినా ఆయన భార్య సత్తవ్వ కొంగుతో మొహం కప్పుకునేది.

నేను వెళ్లాక ఆయనతో సాధన చేయించాల్సింది కూతురు లావణ్య. సూరత్‌లోనే పుట్టి పెరిగింది. రింగ్ రోడ్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ చేస్తుంది. చురుకైన పిల్ల, ఓపిక తక్కువ. గ్లాసు చూపించి, "ఇదేంది బాపు? బోల్ నా! గ్లాస్!" అని అడగడమూ జవాబు చెప్పడమూ తనే చేసేసేది. ఆయన మొహం తిప్పుకుని ఆ బూతుమాట అనేవాడు. ఇద్దరూ అలిగేవాళ్లు. ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద లావణ్య నన్ను నిలదీసింది. "నువ్వు పోతున్నవ్ అక్కా. నాకు తెలుగు సరిగ్గ రాదు. బాపుకు హిందీ వస్తలేదు. నువ్వు పోయినంక మేమిద్దరం ఏ భాషల మాట్లాడుకోవాలె?" "ఆదివారం నీకు సెలవే కదా. కాకను తీసుకొని ఊరంతా తిరుగుదాం. గదిలో బొమ్మలు చూపిస్తే రాని మాటలు బయట వస్తయేమో," అన్నాను. సగం ఆయన కోసం, సగం నా కాళ్ల దురద కోసం.

చలికాలం కాబట్టి ఎండ ఇబ్బంది లేదు. ఎనిమిదింటికి గోడాదరాలో సిటీ బస్సెక్కాం. చౌక్ బజార్ దాకా మనిషికి ఇరవై రూపాయల్లోపే. ఆదివారం పొద్దున రింగ్ రోడ్ మార్కెట్లు మూసి ఉంటాయి కనుక, వారమంతా గంట పట్టే దారి అరగంటలో అయిపోయింది. మూసిన షట్టర్లను చూపిస్తూ లావణ్య తన దుకాణం ఎక్కడో చెప్తోంది. కాక తలూపుతున్నాడు. ఒకప్పుడు తను నేసిన గుడ్డ మూటలుగా వచ్చి దిగిన చోటే అది. చౌక్‌లో దిగి, తాపీ ఒడ్డున పాత కోట గోడ పక్కన కాసేపు నడిచి, ఒక బండి దగ్గర లోచో తిన్నాం. ఉడికించిన శనగపిండి ముద్ద మీద నూనె, సన్న కారప్పూసలాంటి సేవ్, ఉల్లిపాయ ముక్కలు వేసిస్తారు. పొద్దున్నే వేడిగా తింటేనే బాగుంటుంది. కాకను అడిగి తీసుకోమన్నాను. బండి ముందు నిలబడి పెదాలు కదిపాడు. మాట రాకముందే లావణ్య మూడు ప్లేట్లు చెప్పేసింది. ఆయన తన ప్లేటు సగంలో పెట్టేశాడు.

అక్కడి నుంచి ఆటోలో వంతెన దాటి అడాజన్ వెళ్లాం. ఎనభై రూపాయలు అడిగాడు, ఇచ్చాం. చలికాలంలో అక్కడ పోంక్ అమ్మే అంగళ్లు వెలుస్తాయి. లేత జొన్న కంకులను నిప్పుల్లో కాల్చి, గుడ్డసంచిలో వేసి కొట్టి, గింజలు చెరిగి అమ్ముతారు. పచ్చగా, మెత్తగా ఉంటాయి. చవకేమీ కాదు, పావుకిలోకే నూట యాభై దాటింది. అంగడతను గుప్పెడు గింజలు కాక చేతిలో పోసి, "చఖ్‌కే దేఖో కాకా," అన్నాడు.

కాక నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆగింది. మళ్లీ మెల్లగా నమిలాడు. "ఊ..." అన్నాడు.

"పోంక్ బాపు, పోంక్ అను," అంది లావణ్య.

నేను ఆమె చెయ్యి పట్టుకుని నొక్కాను. వెనక మనుషులు తోసుకుంటున్నారు. అంగడతను త్రాసు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. నాక్కూడా ఆగడం కష్టంగానే ఉంది.

"ఊ... ఊస," అన్నాడు కాక. ఊపిరి తీసుకుని, "ఊస బియ్యం."

లావణ్య నా వైపు తిరిగింది. "ఊస అంటే ఏంది అక్కా?"

"నన్నెందుకు అడుగుతున్నవ్? కాకను అడుగు."

ఆ పిల్ల తండ్రిని ఏదైనా నిజంగా తెలియక అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. అప్పటిదాకా అడిగినవన్నీ తనకు జవాబు తెలిసినవే. కాక ఎడమచేత్తో మంట ఎలా వేస్తారో చూపించాడు. కంకిని రెండు అరచేతుల మధ్య నలిపినట్టు, పొట్టు ఊదినట్టు చేశాడు. కాల్చిన లేత జొన్నలకు మా వైపు పేరు అదే. "శేను," అన్నాడు. కాసేపటికి, "మా... మా శేను." లావణ్య "మనకు శేను ఉండెనా బాపు?" అంది. ఆయన వేలు అడ్డంగా ఊపి, పైకి చూపించి, ఏదో చెప్పబోయి వదిలేశాడు. అది కౌలు చేనట. ఆ సంగతి తర్వాత సత్తవ్వ చెప్పింది.

మళ్లీ వంతెన దాటి అఠ్వా గేట్ దగ్గర డుమస్ బస్సెక్కాం. దాదాపు గంట ప్రయాణం. సముద్రం నీలంగా ఉంటుందని వెళ్తే నిరాశ తప్పదు. ఇసుక నల్లగా ఉంటుంది, పోటు లేనప్పుడు నీళ్లు ఎక్కడో దూరంగా మెరుస్తాయి. మధ్యలో గుర్రాలు, ఒంటెలు, కేకలేసే పిల్లలు, ఎగిరే ప్లాస్టిక్ సంచులు. కాక ఒక బెంచీ మీద కూర్చున్నాడు. నేను కూర్చోలేకపోయాను. నీళ్ల దాకా వెళ్లొచ్చాను, ఒడ్డున ఉన్న గుడి వైపు వెళ్లొచ్చాను, ఫోటోలు తీశాను, మళ్లీ నీళ్ల వైపు బయల్దేరుతుంటే కాక నా సంచి పట్టీ పట్టుకుని లాగి, పక్కన బెంచీ మీద అరచేత్తో తట్టాడు. కూర్చున్నాను. కాసేపే. కూర్చున్నా మనసు హైదరాబాద్‌లో వెతకాల్సిన ఇంటి గురించి, పార్సిల్ వేయాల్సిన సామాను గురించి తిరుగుతూనే ఉంది. ఇక్కడ టమాటా భజియాకు, అంటే మన బజ్జీకి, పేరు. తూకం వేసి ఇస్తారు. పొట్లం విప్పగానే కాక నాలుక కాల్చుకుని ఆ బూతుమాట అన్నాడు. లావణ్య పకపకా నవ్వింది. పొద్దుటి నుంచి తను నవ్వడం అప్పుడే చూశాను.

నాలుగున్నరకు తిరుగు బస్సు దొరికింది. కిక్కిరిసి ఉంది. రైల్వే స్టేషన్ దగ్గర దిగేసరికి పొద్దు వాలుతోంది. మెట్రో పనుల కోసం రోడ్లు తవ్వి, రేకులు అడ్డంగా పెట్టి దారులు మళ్లించారు. బస్సు ఎప్పుడూ ఆగే చోట కాకుండా ఇంకెక్కడో దింపింది. పార్సిల్ ఆఫీసు తెరిచి ఉందేమో చూసొస్తానని, "ఒక్క నిమిషం, ఇక్కడనే ఉండుండ్రి," అని నేను పరుగెత్తాను. అది మూసి ఉంది. తిరిగొచ్చేసరికి లావణ్య ఒక్కతే రేకుల పక్కన నిలబడి చుట్టూ చూస్తోంది.

"బాపు ఏడి?" అంది నన్నే.

దుకాణం యజమాని సేఠ్ ఫోన్ చేశాడట. చప్పుడుకు వినబడక రేకుల వెనక్కి వెళ్లి మాట్లాడిందట. వచ్చి చూస్తే లేడు.

ఇద్దరం చెరో వైపు పరుగెత్తాం. పేరు చెప్పలేడు. ఊరు చెప్పలేడు. మాట్లాడలేడు కనుక ఫోన్ మోయడం మానేశాడు. లావణ్య చాయ్ బండివాళ్లను గుజరాతీలో, పోలీసును హిందీలో అడుగుతోంది. "నీలం చొక్కా, కుడి కాలు ఈడుస్తాడు, బోల్ నహీ సక్తే" అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. నేను టికెట్ కౌంటర్లు, నీళ్ల కుళాయిలు, బయటి మెట్లు అన్నీ చూశాను. ఇంటికి ఫోన్ చేద్దామంటే లావణ్య వద్దంది. "అమ్మకు చెప్పకక్కా, ఆమె పానం పోతది." రేకుకు ఆనుకుని నిలబడి, నా వైపు చూడకుండా అంది. "పొద్దుగాల లోచో ఆయన్నే అడగనియ్యాల్సింది. ఎంత సేపు పట్టినా నిలబడాల్సింది."

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. సత్తవ్వ. స్పీకర్ అక్కర్లేకుండానే నాకు వినపడింది.

"ఏందే, మీ బాపు ఒక్కడే అచ్చి చాయ్ తాగుతుండు. మీరిద్దరేడ తిరుగుతున్నరు?"

దొరికిన ఆటో ఎక్కి గోడాదరా చేరాం. గడపలో అడుగుపెట్టగానే లావణ్య తండ్రి మీద హిందీలో అరిచింది, ఏడ్చింది, చివరికి ఆయన ముందు కింద కూర్చుంది. "ఎట్లొచ్చినవ్ బాపు?" అంది తెలుగులో. ఈసారి జవాబు అందివ్వలేదు. ఆయన వెతుక్కున్నాడు. ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పినట్టు చేశాడు. సత్తవ్వ "ఆటో అంటుండు" అనబోతే లావణ్య చెయ్యెత్తి ఆపింది. కాక చెయ్యి నోటి దగ్గర గిన్నెలా పెట్టుకుని, స్టేషన్ బయట షేర్ ఆటోవాళ్లు ఎలా అరుస్తారో అదే రాగంలో, "పర్వత్ పాటియా, పర్వత్ పాటియా, గోడాదరా గోడాదరా!" అన్నాడు.

ముగ్గురం నోరు తెరిచి చూశాం. గోడాదరా అనే మాటను నెలల తరబడి ముక్కలు చేసి ఆసుపత్రిలో చెప్పించాలని చూశాను, రాలేదు. నిజానికి రాగంతో మాట తెప్పించడం మా చదువులో ఉన్నదే. ఆయనతో పాటలు కూడా ప్రయత్నించాను. ఆటో కేకలు నాకు తట్టలేదు. మేం కనిపించకపోయేసరికి ఆయన కాసేపు చూసి, తన పేట పేరు అరుస్తున్న ఆటో వినిపిస్తే చెయ్యెత్తి ఎక్కాడు. జేబులో సత్తవ్వ పెట్టే యాభై నోటు ఉండనే ఉంది.

నా చివరి వారమంతా లావణ్య దుకాణం నుంచి నేరుగా ఇంటికెళ్లి తండ్రిని గల్లీలో నిలబెట్టేది. కూరగాయల బండివాళ్లు, పాతసామానువాళ్లు, ఆటోవాళ్లు ఎవరెలా అరిస్తే అలా ఇద్దరూ కలిసి అరిచేవాళ్లు. తనకు రాని తెలుగు మాటను ఆమే ఆయన్ని అడిగేది. రోజూ రాలేదు మాటలు. రెండు రోజులు ఏమీ రాక ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు ఆమె మళ్లీ లేపింది.

నేను వెళ్లేరోజు తండ్రీ కూతుళ్లిద్దరూ స్టేషన్‌కు వచ్చారు. కాక నా పెట్టెను ఎడమచేత్తో బెర్తు కిందికి తోసి, కిటికీ బయటికొచ్చి నిలబడ్డాడు. రైలు కదలబోతోంది. ఆయన పెదాలు కదిలాయి. పోయి రా అనాలని అది. మనలో ఎవరూ ఒట్టి 'పో' అనరు కదా. 'పోయి' ఎంతకీ రాలేదు. లావణ్య నోరు తెరిచి, మూసుకుంది. రైలు కదిలాక, రెండడుగులు పక్కనే నడిచి, "రా," అన్నాడు కాక. "రా, బిడ్డా."

హైదరాబాద్ వచ్చి ఇన్నాళ్లయినా నాకు పూర్తిగా కుదురు రాలేదు. ఇక్కడా ఖాళీ దొరికితే బస్సెక్కి తిరుగుతున్నాను. సూరత్‌లో చూడనివి ఇంకా చాలా ఉండిపోయాయి. ఆ నెల రోజుల్లో ఊరంతా చుట్టేయాలని పరుగెత్తాను. మనసులో నిలిచినవి మాత్రం ఒక అంగడి ముందు వెనకవాళ్లు తోస్తుంటే ఆగిన ఆ కాసేపు, డుమస్‌లో ఆయన బలవంతాన కూర్చోబెట్టిన బెంచీ. లావణ్య అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. తన తెలుగు మెరుగైంది. కాక మాట ఇంకా అంతంతమాత్రమే. ఇద్దరికీ గొడవలు మాత్రం దండిగా అవుతున్నాయట. వినడానికి నాకు హాయిగా ఉంది.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చలికాలపు ఆదివారం ఎంచుకోండి, పొద్దు వాలకముందే డుమస్ నుంచి తిరుగు బస్సెక్కండి. మాట సరిగా రానివాళ్లను వెంట తీసుకెళ్తే, విడిపోతే ఎక్కడ కలవాలో ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరండి, ఇంట్లో ఉన్నవాళ్లకు ముందు ఫోన్ చేయండి. మేం ఆ రెండూ చేయలేదు. అందుకే ఆయన గోడాదరాలో చాయ్ తాగుతుంటే మేమిద్దరం స్టేషన్‌లో ఏడుస్తూ తిరిగాం.