చాయ్ పొయ్యని ఇల్లాలు

నాకు కోపం ఎక్కువని మా ఆయన ఊరంతా చెబుతారు. చెప్పుకోనీండి. నాచారంలో మా వీధివాళ్లు సాలమ్మకు చేసింది కళ్లారా చూసి కూడా కోపం రాకపోతే, ఆ ఒంట్లో ఉన్నది రక్తమా, నీళ్లా?

సాలమ్మది జనగామ దగ్గర పల్లె. పెళ్లైన ఏడాదికే భర్త కొమురెల్లితో ఇక్కడికి వచ్చింది. అతను ఇనుము పోత పోసే ఫ్యాక్టరీలో, ఆమె ప్లాస్టిక్ బకెట్లు చేసే షెడ్డులో. ఇద్దరూ ఒకే సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లు. పిల్లలు కలగలేదు. రెండో పెళ్లి చేసుకొమ్మని వచ్చిన చుట్టాలను కొమురెల్లి కర్ర పట్టుకుని బస్టాండు దాకా తరిమాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

నలభై దాటగానే కొమురెల్లికి షుగర్ వచ్చింది. మాత్రలు కొన్నాళ్లు వేసుకునేవాడు, కొన్నాళ్లు మానేసేవాడు. యాభై ఐదు దాటాక మతిమరుపు మొదలైంది. ముందు పనిముట్ల పేర్లు, తర్వాత ఫ్యాక్టరీ దారి. తాగొస్తున్నాడని మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. పండక్కి కల్లు తప్ప ఏదీ ముట్టని మనిషిని!

2008లో వాళ్లతో కలిసి ఉప్పల్‌లో ఒక డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. అల్జీమర్స్ అన్నాడాయన. షుగర్‌కీ దీనికీ చుట్టరికం ఉందంటున్నారని ఓపిగ్గా చెప్పాడు. ఇన్సులిన్ మాటను ఒళ్లు వినకపోవడమే ఈ షుగర్. మెదడుకూ ఇన్సులిన్ కావాలి. అదీ వినడం మానేస్తే చుట్టూ చక్కెర ఉన్నా కణాలు ఆకలితో మాడతాయట. పైగా వాడేసిన ఇన్సులిన్‌ను విరగ్గొట్టే పదార్థమే మెదడులో పేరుకునే ఒక చెత్త ప్రొటీన్‌నూ విరగ్గొట్టాలట. ఇన్సులిన్ ఎక్కువైతే దాని పని అక్కడే సరిపోయి, చెత్త మిగిలిపోతుందట. రెండు వీధులు ఊడ్చడానికి ఒక్క మనిషే ఉన్నట్టు. షుగరున్న అందరికీ ఇది రాదని, అన్నీ ఇంకా తేలలేదని కూడా చెప్పాడు.

సాలమ్మ అడిగింది ఒక్కటే. "నన్ను మర్శిపోతడా సారూ?"

షుగర్ అదుపులో ఉంటే ఆ రోజు కాస్త ఆలస్యంగా రావచ్చు, ఖాయంగా చెప్పలేను అన్నాడాయన. ఆ కాస్త ఆలస్యం కోసమే సాలమ్మ నడుం బిగించింది. చాయ్‌లో చక్కెర మాన్పించింది, అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టింది. కొమురెల్లి తాగిన చాయ్ అప్పుడే మరిచిపోయి వీధిలోకి వచ్చేవాడు. ఏదో ఒక గుమ్మం ముందు కూర్చుని, సాలమ్మ ఇంకా చాయ్ పొయ్యలేదనేవాడు.

ఇంకేం, మా వీధికి దయ పొంగుకొచ్చింది. చాయ్ అడిగిన మనిషికి లేదంటే పాపమట! ఎదురింటి తారామణి గ్లాసు నిండా పోసి, పైగా బిస్కెట్లు. కిరాణా భూషణం బూందీ లడ్డు. మా ఆయన గోపాలరావు గారూ తక్కువ తినలేదు. నాకు తెలియకుండా రెండు చెంచాల చక్కెర కలిపి ఇస్తుంటే గ్లాసు లాగి పారబోశాను. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

సాలమ్మ ఇంటింటికీ తిరిగి చేతులు జోడించింది. డాక్టరు మాటలు తనకొచ్చినట్టు చెప్పింది. షుగర్‌తో మతి పోయేదుంటే సగం హైదరాబాదు ఇంటి దారి మరిచిపోవాలి కదా అని భూషణం వెటకారం. మనిషిని కడుపు మాడుస్తోందని తారామణి తీర్పు. సాలమ్మ పనికి వెళ్తూ తలుపుకు తాళం వేస్తే, కిటికీ చువ్వల్లోంచి గ్లాసులు లోపలికి వెళ్లాయి. సద్దుల బతుకమ్మ నాడు ఆమె రొట్టెలు, బెల్లం కలిపి చేసి తెచ్చిన మలీదను ఒక్కరూ ముట్టలేదు. మొగుడికి గుక్కెడు చాయ్ పొయ్యని చేతిది మాకెందుకన్నారు, ఆమె వినేలాగే. ఛీ, అదీ ఒక పండగేనా!

షుగర్ నాలుగు వందలు దాటింది. కాలి మీద పుండు మానలేదు. ఒక పొద్దున కొమురెల్లి భార్య ముఖంలోకి మర్యాదగా చూసి, "నువ్వెవలమ్మా? జర చాయ్ పోస్తవా?" అన్నాడు. ఆమె మా వంటింట్లో కూర్చుని మధ్యాహ్నం దాకా ఏడ్చింది. నెల తిరక్కుండానే పుండు విషమెక్కి అతను దవాఖానాలో పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. వీధి వీధంతా కదిలొచ్చింది. భూషణం లడ్లు తెచ్చాడు, తారామణి గ్లాసు నిండా చాయ్ తెచ్చింది. విస్తరి దగ్గర సాలమ్మను చూసి ఇద్దరూ ఆగిపోయారు. ఆమె దులిపేస్తుందని నేను కాచుకుని ఉన్నాను. దులిపెయ్యాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

సాలమ్మ పక్కకు జరిగి వాళ్లకు చోటిచ్చింది.

"పొయ్యుండ్రి. ఇప్పుడైతే ఎంతన్న పొయ్యుండ్రి. ఇగ ఆయనకు షుగర్ ఎక్కది."